తెల్ల బొమ్మలో నల్ల చుక్కలు

మా ఎదురింటి ఆవిడను మా బిల్డింగు మెట్ల మీద అందరం చుక్కలమ్మాయి అనే పిలుస్తాం. అమ్మాయి అన్నానని చిన్నపిల్ల అనుకోకండి, నలభైకి దగ్గర పడింది. కళ్లద్దాలు సీసా అడుగంత మందం. ఆవిడ కుడి కన్ను పోతుందా ఉంటుందా అని మేం అల్లాడిపోయిన రోజుల గురించి రాస్తున్నాను.

ముందు ఆవిడ చేసే పని చెప్పాలి. అది చెప్పకపోతే ఆవిడ చేసిన పొరపాటు మీకు అర్థం కాదు.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. పొద్దున మొదటి బండి ఆయనదే. ఆయన వెళ్లగానే ఈవిడ ముందుగది తలుపు గాలి కోసం ఓరగా తీసి, కిటికీ పరదాకి బట్టల క్లిప్పులు పెట్టి, రెండు కంప్యూటర్ల ముందు కూర్చుంటుంది. తలుపు ఓరగా తీసి ఉంటే నాకు కాలు నిలవదు. వాళ్లు కొత్తగా దిగిన వారంలోనే టీ గ్లాసు పట్టుకుని వెళ్లి వెనక నిలబడ్డాను. తెర నిండా చిన్నచిన్న తెల్ల చదరాలు, ఒక్కోదాంట్లో నలకలాంటి నల్ల చుక్కలు. ఆవిడ ఒక్కోటి చూడ్డం, మీట నొక్కడం, ఇంకోటి చూడ్డం.

"పొద్దున్నే ఏం ఏరుతున్నావు అమ్మాయీ?"

"చుక్కలు, పెద్దమ్మా."

"పప్పులో రాళ్లు ఏరినట్టా?"

"అంతే. కాకపోతే ఇందులో అన్నీ రాళ్లే. గింజ ఎప్పుడో గానీ దొరకదు."

ఎక్కడో దూరాన కొండ మీద పెద్ద టెలిస్కోపు ఉందట. అది రాత్రంతా ఆకాశాన్ని ఫోటోలు తీస్తుంది. కంప్యూటరు నిన్నటి ఫోటోలోంచి పాత ఫోటోని తీసేస్తుంది. పాతదాంట్లో లేనిది, కొత్తదాంట్లో ఉన్నది ఏదైనా ఉంటే అది మిగులుతుంది. అలా మిగిలినవన్నీ పొద్దున్నే ఈవిడ ముందుకొస్తాయి. అందులో తొంభై పాళ్లు చెత్తే. ఉపగ్రహం గీసిన గీత, కెమెరాలో దుమ్ము, సరిగ్గా కుదరని అతుకు. నిజంగా ఎక్కడో నక్షత్రం పేలి కొత్త వెలుగు పుట్టిందా, లేక చెత్తా అన్నది చివరికి మనిషి కన్నే తేల్చాలట. ఆ కన్ను ఈవిడది.

"మరి చుక్కలు నల్లగా ఉన్నాయేం? ఆకాశం తెల్లగా ఉందేం?"

"తిరగేసి చూపిస్తారు పెద్దమ్మా. నలుపు మీద తెలుపు కన్నా తెలుపు మీద నలుపు కంటికి తొందరగా ఆనుతుంది."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా కష్టమంతా ఈ నలుపు తెలుపుల్లోంచే వచ్చింది.

ఇంకో రోజు ఆవిడే పిలిచి ఒక చదరం చూపించింది. దూరపు గెలాక్సీ అంటే బూజులాంటి మరకే కదా అనిపించింది నాకు. కోటానుకోట్ల సూర్యుళ్లు ఒకచోట చేరితే మనకి కనిపించేది ఆ మరకేనట. దాని అంచున సూదితో పొడిచినట్టు ఒక చుక్క.

"మామూలుగా నక్షత్రం పేలితే నెలల తరబడి వెలుగుతుంది. ఇది అలాంటిది కాదు పెద్దమ్మా, త్వరగా పోయే రకం. రెండు మూడు రోజుల్లో లేస్తుంది, నీలంగా మండిపోతుంది, తను ఉన్న గెలాక్సీని మించి వెలుగుతుంది. వారం తిరిగేసరికి ఎవరో ఊదేసినట్టు ఆరిపోతుంది. ఎందుకో ఇప్పటికీ ఎవరూ గట్టిగా చెప్పలేరు. పట్టుకున్న రోజే పట్టుకోవాలి. మేం కబురు పెడితే పెద్ద టెలిస్కోపులు చేస్తున్న పని ఆపి దానివైపు తిరుగుతాయి."

"అది మన మీద పడితే?"

"అది పేలి కోట్ల ఏళ్లయింది. అప్పటికి మనుషులే లేరు. వెలుగు ఇప్పుడు వచ్చి చేరింది, అంతే."

"అంటే మనకి తెలియకుండా ఇప్పటికే పేలిపోయి, వెలుగు ఇంకా దారిలో ఉన్నవి ఎన్నో ఉన్నాయన్నమాట."

ఆవిడ మీట మీద వేలు ఆపి నా వైపు చూసింది. "మీరు అడిగే ప్రశ్నలకి నాకు నిద్ర పట్టదు," అంది.

ఆవిడకి పట్టిందో లేదో గానీ ఆ మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేస్తూ నేను తలెత్తలేకపోయాను. పట్టపగలు, ఎండ. ఆ నీలం వెనకాల ఏమేం అయిపోయి ఉన్నాయో, మన దాకా రావడమే తరువాయి అనుకుంటే ఒళ్లు జలదరించింది. మా ఆయనతో చెబితే, ఆయన తాళాలు బాగుచేసే మనిషి, మాట కూడా తాళం వేసే దాచుకుంటారు, "ఎదురింటి సంగతులు చాలక ఎదురు లోకం సంగతులు కూడా మొదలెట్టావా?" అని ఊరుకున్నారు.

ఆవిడ పనిలో ఇంకో పద్ధతి ఉంది. ఒక్క ఫోటో చూసి నమ్మకూడదు. ఒక్కోసారి కెమెరాలోనే ఏదో తళుక్కుమంటుంది, దారిన పోయే రాయి అడ్డం వస్తుంది. రెండో ఫోటోలో కూడా అదే చోట అదే చుక్క ఉంటేనే నిజం. త్వరగా పోయేవాటికి మాత్రం ఆగకుండా మొదటి ఫోటోకే కబురు పెట్టొచ్చని వాళ్ల పెద్ద మేడమ్ అంటుంది. ఈవిడ ఒప్పుకోదు. కొత్తల్లో ఒకసారి తొందరపడి ఒక్క ఫోటోకే చెప్పేసిందట. పెద్ద టెలిస్కోపు తిరిగి చూస్తే అక్కడ ఏమీ లేదు, కెమెరాలో నలక. ఫోన్లో అందరూ ఉండగా ఎవరో నవ్వారట. ఆ నవ్వు ఇప్పటికీ చెవిలోనే ఉంది ఆవిడకి. అప్పటినుంచి రెండో ఫోటో చూడనిదే పెదవి విప్పదు.

ఇప్పుడు అసలు కథ.

ఒక పొద్దున వెళ్లేసరికి తెరని గుడ్డ పెట్టి తుడుస్తోంది. తుడిచి చూస్తుంది, మళ్లీ తుడుస్తుంది.

"పెద్దమ్మా, ఇక్కడ మరకేమైనా ఉందా?"

"లేదే."

"ఇక్కడ?"

"అద్దంలా ఉంది."

కళ్లు ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది. కళ్లద్దాలు తీసింది, పెట్టుకుంది. తర్వాత కుర్చీలోంచి లేచి తెల్లగోడ ముందు నిలబడి ఎడమ కన్ను మూసుకుంది.

"ఏమైందే?"

"ఏం లేదు. మిరియాల పొడి చల్లినట్టుంది. నేను చూపు తిప్పితే అదీ తిరుగుతోంది."

మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతకుముందు రోజు మెట్లు దిగుతుంటే కంటి మూల ఎవరో ఫోటో తీసినట్టు మెరిసిందని కూడా అప్పుడే చెప్పింది. ఒకసారి కాదు, మళ్లీమళ్లీ.

నేను చదివింది ఐదో తరగతి. కానీ మా మేనమామ కంటికి ఇలాగే మెరుపులొచ్చాయి. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. ఆ కంటితో ఆయన తర్వాత మమ్మల్నెవర్నీ చూడలేదు. ఆ సంగతి ఆవిడకి అక్కడే చెప్పాను, దాచలేదు.

"లే. చీర మార్చుకో, కంటాసుపత్రికి పోదాం."

"ఒక్కసారి చూసి ఎలా పెద్దమ్మా? నిద్ర సరిపోలేదేమో, తెర చూసి చూసి అలిసిందేమో. రేపు పొద్దున ఇదే వేళకి, ఇదే గోడ ముందు మళ్లీ చూస్తాను. అప్పుడూ ఉంటే అప్పుడు వెళదాం."

"నీ కన్నేమన్నా కొండ మీది కెమెరానా, రెండో ఫోటో దాకా ఆగడానికి?"

నవ్వింది. నవ్వి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. "ఆయనకి మాత్రం చెప్పకండి. బస్సునిండా జనం ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి. నా కన్ను గురించి ఆలోచిస్తూ నడిపితే? ఇంకోటి, కంట్లో చుక్కలున్న మనిషిని చుక్కలు ఏరడానికి ఎవరు పెట్టుకుంటారు చెప్పండి."

ఈ రెండో మాట మెల్లగా అంది. అసలు భయం అదేనని నాకు తెలిసిపోయింది. ఆయనకి చెప్పనని మాట ఇచ్చాను.

మర్నాడు తెల్లారేసరికి వాళ్ల గుమ్మంలో ఉన్నాను. గోడ ముందు నిలబడింది, ఎడమ కన్ను మూసింది. చాలాసేపు చూసింది. "తగ్గింది పెద్దమ్మా. కిందికి దిగిపోయినట్టున్నాయి, అక్కడక్కడ నాలుగు," అంది. నాకూ ఊపిరొచ్చింది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని టీ తాగాం. రెండో ఫోటోలో లేదు కాబట్టి మొదటిది చెత్త అని తేల్చేసింది, రోజూ తేల్చినట్టే. పని మొదలుపెట్టింది.

కానీ ఆ రోజు మీట నొక్కే తీరు మారింది. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. ఇదివరకు చకచకా నొక్కేది. ఇప్పుడు ప్రతి చుక్క దగ్గరా ఆగి, తల ఇటు వంచి అటు వంచి, అది తెర మీదుందా తన కంట్లో ఉందా అని పరీక్ష పెట్టి, ఆ తర్వాత వేలు కదిపేది. చూడగా చూడగా నాకూ ప్రతి చదరంలో నలకలు కనిపించడం మొదలైంది. ఇంటికొచ్చి అన్నం పళ్లెంలో కూడా నల్ల చుక్కలు వెతుక్కున్నాను.

ఇంకో రెండు రోజులు పోయాక పెద్ద మేడమ్ ఫోన్. స్పీకరులో పెట్టి ఉంది, నేను టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఆ చిన్న గెలాక్సీ అంచున లేచింది చూశావా? వేరే దేశం వాళ్లు ప్రకటించారు. త్వరగా పోయే రకమే, ఇంత వెలుగు ఈ ఏడాది చూడలేదు. మన ఫోటోలో వాళ్లకన్నా ముందే ఉంది. నీ బల్ల మీదకి వచ్చింది. చెత్తలో వేశావు. ఎందుకు?"

ఈవిడ కుర్చీ ఫోను దగ్గరికి జరుపుకుంది.

"మేడమ్, నలక అనుకున్నాను."

"అంత నిండైన చుక్క నలకా? నువ్వా ఆ మాట అనేది?"

"రెండో ఫోటో వస్తే చూద్దామని..."

"రెండో ఫోటో వచ్చేసరికి పేరు వాళ్లకి పోయింది. ఇవాళ్టికి సగం ఆరిపోయింది కూడా. ఆరోగ్యం బాగానే ఉందా నీకు?"

అడిగింది చూడండి. తలుపు తీసి పట్టుకున్నట్టే అడిగింది. నేను గుమ్మంలోంచి చేతులూపాను, చెప్పు చెప్పు అని. ఈవిడ నన్ను చూస్తూనే, "బాగానే ఉన్నాను మేడమ్," అంది.

ఫోన్ పెట్టేశాక కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. మీరైతే ఏమనుకుంటారు, ఇక లేచి ఆసుపత్రికి పరిగెడుతుందనేగా? అదేం కాదు. భయం మనిషిని పరిగెత్తిస్తుందంటారు గానీ ఈవిడని కుర్చీకి కట్టేసింది. "నిజం చుక్క ఏదో నా చుక్క ఏదో నాకు తెలియట్లేదు పెద్దమ్మా. ఇప్పుడు కంట్లో ఏదో ఉందని డాక్టరు కూడా అంటే ఇక నాకు ఏమీ మిగలదు," అంది. ఏం చెప్పినా తల అడ్డంగా ఊపింది. నేను ఇంటికొచ్చి మా ఆయన ముందు కూలబడ్డాను. ఆయన రంపపురేకు కింద పెట్టి, "తాళం తెరుచుకోకపోతే గట్టిగా తిప్పకూడదు. కానీ వదిలి పోకూడదు కూడా," అన్నారు. నాకు కోపం వచ్చింది గానీ లేచి మళ్లీ ఎదురింటికే వెళ్లాను.

వెళ్లేసరికి వంటగదిలో నిలబడి ఉంది. ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని నా వైపు తిరిగింది.

"పెద్దమ్మా, మీ కాళ్లు లేవు."

"ఏమిటే ఆ మాట?"

"నడుం దాకా ఉన్నారు. కింద నల్లగా ఉంది. నీళ్లలో నిలబడ్డట్టున్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కేక లేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. చెయ్యి తీసింది, మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. రెండో ఫోటో, మూడో ఫోటో.

"ఇది త్వరగా పోయే రకమే అమ్మాయీ," అన్నాను. "నువ్వే చెప్పావు కదా, పట్టుకున్న రోజే పట్టుకోవాలని."

ఆవిడ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంది. ఒక చెప్పు తనది, ఒకటి వాళ్లాయనది. అది నేను బస్సు స్టాపులో చూశాను.

టాక్సీకి ఫోన్ చేస్తే దగ్గర్లో ఏదీ లేదన్నారు. బస్సు వస్తోంది. ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది ఆయన బండే. దీన్ని వదిలేద్దాం, తర్వాతది ఎక్కుదాం."

"తర్వాతది దాకా ఆ నల్లనీళ్లు ఆగుతాయా?" అని నడుం మీద చెయ్యి వేసి ఎక్కించేశాను. ఆయన అద్దంలోంచి చూశాడు.

"ఏం, ఇద్దరూ కలిసి షికారా?"

"కళ్లద్దాలు మార్పించుకోడానికి," అంది ఈవిడ.

"ఇవాళ్టికివాళ ఏం తొందరొచ్చింది?"

డ్రైవరు పక్కనే ఉన్న అడ్డ సీటులో కూర్చున్నాం. ఆయన భుజాలు, మెడ, టోపీ కనిపిస్తున్నాయి. బస్సు కదలగానే ఈవిడ ఎడమ కన్ను మూసుకుని ఆయన్నే చూస్తూ నా చెవిలో అంది, "చేతులు లేవు." నాలుగు వీధులు దాటాక, "భుజాలు లేవు." నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి లాగితే మళ్లీ పైకెత్తి కన్ను మూసుకుంటుంది. ప్రతి స్టాపులో జనం. ఒకాయన మడత కుర్చీతో ఎక్కాడు. ఆ కుర్చీ తలుపులో ఇరుక్కుంది. అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, ఎవరో సలహా చెబుతారు. నాకు ఆ కుర్చీని బయటికి విసిరేయాలనిపించింది.

"మెడ లేదు పెద్దమ్మా," అందప్పుడు. "ఇప్పుడు తల ఒక్కటే ఉంది."

ఇక నా వల్ల కాలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది, నా నోరు మాత్రం తెరుచుకుంది. ఎర్రదీపం దగ్గర బండి ఆగినప్పుడు ముందుకు వంగి, "బాబూ, కళ్లద్దాలకి కాదు. అమ్మాయి కుడి కన్ను పోతోంది. కంటాసుపత్రికి," అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. మెడ నరాలు బిగుసుకున్నాయి. పచ్చదీపం వచ్చింది, బండి కదల్లేదు. వెనక కార్లు మోత. అప్పుడు కదిలింది. ఇప్పుడిక ఎగిరిపోతుంది అనుకున్నాను. అలా జరగలేదు. ఇదివరకటికన్నా నెమ్మదిగా, గుడ్లగంప మోస్తున్నట్టు నడిపాడు. స్టీరింగు మీద ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు తెలుసు కాబట్టే ఆయన నెమ్మదించాడు.

"ఏమయ్యా డ్రైవరూ, బండి నిద్రలో నడుస్తోందా?" అని వెనకనుంచి ఎవరో.

"దిగి తోస్తే తొందరగా పోతుందేమో," అని ఇంకొకడు. నవ్వులు.

ఆయన ప్రతి స్టాపులో ఆపాడు, ప్రతి మనిషినీ ఎక్కించాడు. ఆసుపత్రి స్టాపు రాగానే బ్రేకు వేసి దిగి, ఈవిడ మోచేతులు పట్టుకుని మెట్టు మీంచి దింపాడు. కాళ్ల వైపు చూశాడు, తన చెప్పు చూశాడు.

"బండి ఇంకొకరికి అప్పగించి వస్తాను. నేను వచ్చేదాకా ఆగకండి పెద్దమ్మా. దేనికీ ఆగకండి."

డాక్టరు చిన్న వయసువాడే. చుక్కలమందు వేసి, నుదుటికి దీపం కట్టుకుని, పైకి చూడు కిందికి చూడు అంటూ కంట్లోకి దూరిపోయినంత దగ్గరగా చూశాడు. ఆ గదిలో గోడగడియారం చప్పుడు నాకు నెత్తి మీద కొట్టినట్టు వినిపించింది.

"కంటి వెనక పొర చిరిగి ఊడి వస్తోందమ్మా, గోడ కాగితం తేమకి ఊడినట్టు. పైనుంచి ఊడుతోంది, అందుకే మీకు కిందినుంచి చీకటి వస్తోంది. నడి మధ్యలో చూపుకి అసలైన చోటు ఒకటుంటుంది. అది ఇంకా అంటుకునే ఉంది. ఇవాళే ఆపరేషన్ చెయ్యాలి."

"రేపు ఇంకోసారి చూసి నిర్ధారించుకుంటే?" అంది ఈవిడ. నాకు నెత్తి బాదుకోవాలనిపించింది.

"రేపటికి ఆ మధ్య చోటు ఉంటుందని నేను మాట ఇవ్వలేను."

"మీరు ఒక్కసారే చూశారు."

"ఒక్కసారే చూశాను. స్పష్టంగా చూశాను."

ఈవిడ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. కుడి చూపుడువేలు మాత్రం మోకాలి మీద ఆడుతోంది, మీట మీద ఆడినట్టే. నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం ఎంత కష్టమో మా మెట్ల మీద ఎవరినైనా అడగండి. కానీ ఆ మాట ఆవిడ నోట్లోంచే రావాలి.

"చెయ్యండి," అంది. వేలు ఆగింది.

ఆవిణ్ని లోపలికి తీసుకెళ్లాక బస్సు యూనిఫాం మీదే ఆయన వచ్చాడు. నా పక్కన కూర్చున్నాడు. "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు, నన్నో తలుపునో తెలియదు. "నీ బస్సు కోసం నాయనా," అన్నాను. "బస్సు," అన్నాడు. తర్వాత రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఎవరైనా తలుపు తీస్తే ఇద్దరం ఒక్కసారే లేచేవాళ్లం. ఒకసారి నేల తుడిచే ఆవిడకి కూడా లేచి నిలబడ్డాం.

ఆపరేషన్ అయింది. పొరని అతికించి, అది కదలకుండా లోపల గాలిబుడగ పెట్టారట. ఆ బుడగ పొరని వెనక్కి అదిమి పట్టి ఉంచాలంటే మనిషి రోజుల తరబడి మొహం నేలకి పెట్టి పడుకోవాలి. తినడానికీ, స్నానానికీ లేచినా తల వంచుకునే ఉండాలి. తల ఎత్తితే చేసిందంతా పాడవుతుందని చెప్పి పంపారు. నిద్రలో పక్కకి తిరుగుతుందేమోనని ఆయన రాత్రంతా మంచం పక్కనే కూర్చునేవాడు. పగలు నా వంతు. ఆవిడ మొహం మంచం అంచునుంచి కిందికి వేలాడేది, మాట్లాడాలంటే నేను నేల మీద వెల్లకిలా పడుకోవాల్సి వచ్చేది. ఈ వయసులో నేను అలా పడుకోవడం చూసి మా ఆయన గుమ్మంలోంచి, "లేవదీయడానికి నన్ను మాత్రం పిలవకు," అని పోయారు. ఆవిడకి నవ్వొచ్చింది. "నవ్వించకండి, బుడగ ఊగుతోంది," అంది. వెంటనే ఇద్దరికీ భయం వేసి ఊరుకున్నాం.

అలా తల వేలాడేసుకునే ఒకరోజు పెద్ద మేడమ్‌కి ఫోన్ చేయించింది. ఫోన్ నేను నేల మీద పట్టుకున్నాను. అంతా చెప్పింది. ఆ చుక్కని తన కంటి నలక అనుకుని తీసేశానంది. ఆరోగ్యం అడిగితే అబద్ధం చెప్పానంది.

"ఆ చుక్క ఎలాగూ పోయింది," అంది మేడమ్. "కన్ను చూసుకో. ఈ వారం ఏరడానికి వేరే అమ్మాయిని పెట్టాను. తర్వాత సంగతి నీ డాక్టరు చెప్పాక మాట్లాడుకుందాం." తిట్టలేదు. ఊరడించనూ లేదు. ఫోన్ పెట్టేశాక మంచం మీదనుంచి ఒక కన్నీటిబొట్టు సరిగ్గా నా నుదుటి మీద పడింది. తుడుచుకోలేదు నేను, ఆవిడ చూస్తోంది కదా అని.

బుడగ కరుగుతున్న కొద్దీ చూపు పైనుంచి గీత గీసినట్టు దిగుతూ వచ్చింది. రోజూ ఎంత దిగిందో చెప్పేది. బుడగ పూర్తిగా కరిగిన రోజు ఆసుపత్రికి ముగ్గురం వెళ్లాం. మధ్య చోటు దక్కింది. అక్షరాలు చదివింది. గీతలు కొంచెం అలల్లా కనిపిస్తున్నాయట. కింద ముక్కు వైపు మూల మసగ్గానే ఉంది, అది అలాగే ఉండిపోవచ్చన్నాడు డాక్టరు. ఆయన బస్సు టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకోబోతున్నాను.

"ఎడమ కన్ను కూడా ఒకసారి చూస్తాను," అన్నాడు డాక్టరు.

చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"ఇందులో కూడా ఒకచోట పొర పల్చబడింది. ఇంకా చిరగలేదు. చిరక్కపోవచ్చు కూడా. చుట్టూ లేజరుతో కుట్టినట్టు కాలిస్తే ధైర్యం. తొందరేం లేదు. ఇంకో నెల ఆగి, మళ్లీ చూసి, అప్పుడు నిర్ణయించుకున్నా సరే."

భర్త ఈవిడ వైపు చూశాడు. ఇప్పుడు నిండుగా కనిపించేది ఆ కంటితోనే. దాని మీదికి మంటలాంటిది పంపిస్తామంటున్నారు, అదీ ఇంకా ఏమీ జరగని కంటికి. ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి. కుర్చీ చేతుల మీద వేళ్లు బిగిశాయి. ఆగుదాం అంటుందని నేను అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆగుదాం అంటే బాగుండునని కూడా అనిపించింది నాకు. ఆ భయం ఇక మోయలేను.

"ఇప్పుడు ఆ లేజరు గది ఖాళీగా ఉందా?" అని అడిగింది.

"ఉంది."

లేచి నిలబడింది. కళ్లద్దాలు తీసి నా చేతిలో పెట్టి, గోడ తడుముకుంటూ నర్సు వెనకాల వెళ్లింది. నేనూ వెనకాలే నడిచాను. గుమ్మం దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది, లోపలికి మనుషులు రాకూడదని. తలుపు మూసుకుంది. ఆయన కుర్చీ దగ్గరే నిలబడిపోయాడు. నేను ఆ తలుపుకి చెవి ఆనించి, ఆ మందపాటి అద్దాలు కొంగులో పట్టుకుని నిలబడ్డాను. లోపల ఏదో టక్ టక్‌మని మొదలైంది.